సమ్మెట దెబ్బకు నేల చెప్పే జవాబు

ఖాళీ స్థలంలో పొడవాటి కేబుల్ ఒకటి పరిచి ఉంటుంది. దాని వెంట రెండేసి మీటర్ల ఎడంతో, అరచేతిలో ఇమిడే 24 పరికరాలు మేకుల్లా నేలలోకి గుచ్చి ఉంటాయి. ఒక చివర నిలబడ్డ మనిషి 8 కిలోల సమ్మెట ఎత్తి, నేల మీద పెట్టిన ఉక్కు పలక మీద బలంగా కొడతాడు. లాప్‌టాప్ ముందు కూర్చున్నాయన తెర చూసి ‘ఇంకోటి’ అంటాడు. మళ్లీ దెబ్బ. అలా ఐదారుసార్లు. పక్క రోడ్డు మీద లారీ వస్తుంటే కాసేపు ఆగమంటాడు. గంటలో పని ముగించి సామాను సర్దేస్తారు. గుంత తవ్వింది లేదు, బోరు మిషన్ రొద లేదు. చూసేవాళ్లకు అనుమానం రావడం సహజం. ఇంతేనా? దీంతోనే 20 మీటర్ల లోతు సంగతి తెలిసిపోతుందా?

తెలుస్తుంది. కాకపోతే అక్కడ ఏముందో కాదు, ఉన్నది ఎంత బిగువుగా ఉందో తెలుస్తుంది. ఈ రెండింటికీ తేడా చూడకపోవడం వల్లే ఈ ఉపరితల తరంగ పరీక్షను కొందరు నేలకు తీసే ఎక్స్‌రేలా అమ్ముతున్నారు, ఇంకొందరు అసలు నమ్మడమే మానేశారు. ఇది ఎక్స్‌రే కాదు. కొనేముందు కుండను వేలితో కొట్టి వినడం లాంటిది. మోత విని కుండ పచ్చిదో కాలిందో, బీట ఉందో లేదో చెప్పొచ్చు. ఏ చెరువు మట్టితో చేశారో చెప్పలేం.

ఈ బిగువు ఎందుకంత ముఖ్యం అంటే, భూకంపం వచ్చినప్పుడు భవనం ఊగే తీరును అది నిర్ణయిస్తుంది. 2001 జనవరి 26 ఉదయం 8 గంటల 46 నిమిషాలకు భుజ్ ప్రాంతంలో భూమి కంపించింది. అక్కడికి సుమారు 250 కిలోమీటర్ల దూరాన ఉన్న అహ్మదాబాద్‌లో బహుళ అంతస్తుల భవనాలు పదుల సంఖ్యలో కూలాయి. కట్టడాల లోపం ఉన్నమాట నిజమే. కింద గోడలు లేకుండా పిల్లర్ల మీద నిలబెట్టి పార్కింగ్‌కు వదిలేసిన అపార్ట్‌మెంట్లు ఎక్కువగా దెబ్బతిన్నాయి. అయితే సబర్మతి పరిచిన మందపాటి ఒండ్రు మీద ఆ నగరం ఉండటం కూడా ఊపుకు తోడైంది. దీనికంటే స్పష్టమైన ఉదాహరణ మెక్సికో సిటీ. 1985 సెప్టెంబర్ 19న పసిఫిక్ తీరంలో 8.0 తీవ్రతతో వచ్చిన భూకంపం, 350 కిలోమీటర్లకు పైగా ప్రయాణించి ఆ నగరంలో వేలమందిని చంపింది. నగరంలో కొంత భాగం ఎండిపోయిన పాత సరస్సు అడుగున, నీళ్లు పట్టిన మెత్తటి బంకమన్ను మీద కట్టారు. విధ్వంసమంతా దాదాపు అక్కడే. రాతినేల మీద ఉన్న పేటలు చాలావరకు తప్పించుకున్నాయి.

మెత్తటి పొర తనకంటూ ఒక ఊపు పెట్టుకుని ఉంటుంది. ఆ ఊపు వ్యవధి ఎంతో చెప్పే లెక్క చాలా చిన్నది. పొర మందాన్ని నాలుగుతో గుణించి, ఆ పొరలో షియర్ తరంగం, అంటే నేలను పక్కకు ఊపుతూ పోయే కదలిక, వెళ్లే వేగంతో భాగిస్తే చాలు. మందం 40 మీటర్లు, వేగం సెకనుకు 80 మీటర్లు అనుకుంటే వ్యవధి 2 సెకన్లు. మెక్సికో సరస్సు అడుగు ఊగింది సుమారుగా ఆ లయలోనే. ఆ లయకు దగ్గరగా ఊగే మధ్యస్థ ఎత్తు భవనాలే ఎక్కువ కూలాయి. తక్కువ ఎత్తు ఇళ్లు చాలా నిలబడ్డాయి. ఉయ్యాల సరిగ్గా వెనక్కి వచ్చినప్పుడల్లా తోస్తే ఏమవుతుందో అదే అక్కడ జరిగింది. లెక్కలో మందం బోరు వేస్తే దొరుకుతుంది. వేగం ఎలా దొరుకుతుందన్నదే ప్రశ్న.

నేలలోకి తోసిన కదలిక మూడు రకాలుగా పాకుతుంది. మొదటిది నొక్కుతూ వదులుతూ వెళ్లే పి తరంగం. రెండోది నేలను పక్కకు కోస్తున్నట్టు వెళ్లే షియర్ తరంగం, పాఠ్యపుస్తకాల్లోని ఎస్ తరంగం ఇదే. మూడోది పైపై పొరల్లోనే పాకే ఉపరితల తరంగం. బిగువు కావాలంటే షియర్ తరంగమే కావాలి. లెక్క సూటిగా ఉంటుంది: నేల సాంద్రతను షియర్ వేగం వర్గంతో గుణిస్తే దృఢతా గుణకం, అంటే ఇంజనీర్లు షియర్ మాడ్యులస్ అనేది వస్తుంది. ఘనమీటరుకు 1,800 కిలోలున్న మట్టిలో వేగం సెకనుకు 200 మీటర్లైతే గుణకం 72 మెగాపాస్కల్స్. గట్టి గ్రానైట్‌లో సాంద్రత 2,650, వేగం 3,000 అనుకుంటే అది సుమారు 24 గిగాపాస్కల్స్. మెత్తటి బంకమన్నులో సాంద్రత 1,700, వేగం 100 ఉంటే 17 మెగాపాస్కల్స్ మాత్రమే. గ్రానైట్‌తో పోలిస్తే 1,400వ వంతు. నేల పదార్థాల్లో సాంద్రత తేడా రెండింతలు కూడా ఉండదు. బిగువు మాత్రం వేల రెట్లు మారుతుంది. అందుకే సాంద్రతను సుమారుగా ఊహించుకున్నా కొంప మునగదు. వేగంలో 10 శాతం తప్పు చేస్తే మాత్రం గుణకంలో 21 శాతం తప్పు వస్తుంది.

మరి పి తరంగం ఎందుకు పనికిరాదు? ముందుగా వచ్చేది అదే, కొలవడమూ తేలికే. చిక్కంతా నీటితో. నీటిలో పి తరంగం వేగం సెకనుకు దాదాపు 1,500 మీటర్లు. నేల రంధ్రాలు నీటితో నిండిపోయిన చోట పి తరంగం ఆ నీటి వేగాన్నే చూపిస్తుంది, మట్టి జారుడుగా ఉన్నా గట్టిగా ఉన్నా ఒక్కటే. నాలుగు మీటర్లు తవ్వితే నీళ్లు పడే డెల్టా ఊళ్లలో ఈ కొలతను నమ్ముకుంటే బురద కూడా రాయిలాగే కనిపిస్తుంది. షియర్ తరంగం నీటిలో నడవదు. మట్టి రేణువులు ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్న అల్లికలోంచే పోతుంది. కాబట్టి అది చెప్పేది మట్టి సంగతే. రెండు వేగాలూ తెలిస్తే పాయిజాన్ నిష్పత్తి, అంటే నొక్కినప్పుడు పదార్థం పక్కకు ఎంత ఉబ్బుతుందో చెప్పే అంకె కూడా లెక్క కట్టొచ్చు. పి వేగం 1,500, షియర్ వేగం 200 ఉన్న నేలలో అది 0.49 వస్తుంది. అంటే నొక్కితే కుంచించుకోదు, పక్కకు జరుగుతుంది అని.

షియర్ తరంగాన్ని నేరుగా కొలవాలంటే బోరు వేసి, అందులోకి సెన్సర్ దింపి, పైనుంచి కొట్టాలి. లేదా పక్కపక్కన రెండు మూడు బోర్లు వేసి ఒకదాంట్లో కొట్టి మరోదాంట్లో వినాలి. మంచి పద్ధతులే, కానీ ఖర్చూ సమయమూ ఎక్కువ. ఇక్కడే ఉపరితల తరంగం అక్కరకొస్తుంది.

1885లో ఇంగ్లండ్‌కు చెందిన లార్డ్ రేలీ కాగితం మీదే ఈ తరంగం ఉండి తీరాలని తేల్చాడు. అది లోతుకు పోకుండా నేల ఉపరితలం వెంటే పరుచుకుంటుంది కాబట్టి దూరం పోయేకొద్దీ ప్రాబల్యం పెంచుకుంటుందని, భూకంపాల్లో ముఖ్య పాత్ర వహించవచ్చని కూడా ఊహించాడు. ఆయన పేరు మీదే అవి రేలీ తరంగాలయ్యాయి. (నేలను అడ్డంగా ఊపే మరో ఉపరితల తరంగాన్ని 1911లో లవ్ అనే గణితవేత్త వివరించాడు. లవ్ వేవ్స్ అంటే క్లాసులో నవ్వులు వినిపిస్తాయి కానీ, అది ఇంటిపేరు.) రేలీ తరంగం వెళ్తుంటే నేల రేణువు నిలువుగా సాగిన కోడిగుడ్డు ఆకారంలో తిరుగుతుంది. దాని వేగం షియర్ వేగంలో 87 నుంచి 96 శాతం మధ్య ఉంటుంది. ఈ దగ్గరి బంధుత్వమే మొత్తం పద్ధతికి ఆధారం. ఒకటి తెలిస్తే రెండోది తెలిసినట్టే.

ప్రకృతి ఇక్కడ ఇంకో మేలు కూడా చేసింది. నేల మీద ఒక గుండ్రటి పలకను నిలువుగా కంపింపజేస్తే, వెలువడే శక్తిలో 67 శాతం రేలీ తరంగాలుగా, 26 శాతం షియర్‌గా, 7 శాతం పి తరంగాలుగా పోతుందని 1955లో మిల్లర్, పర్సీ అనే ఇద్దరు లెక్కగట్టారు. ఏకరీతి నేలకు వేసిన లెక్క అది. పైగా దూరం 25 రెట్లు పెరిగితే రేలీ తరంగం బలం ఐదో వంతుకు తగ్గుతుంది. అదే దూరానికి నేల పైభాగం వెంట వెళ్లే మిగతా తరంగాల బలం 625వ వంతుకు పడిపోతుంది. సమ్మెటతో ఎలా కొట్టినా కాస్త దూరాన నేల మీద వినిపించేది ప్రధానంగా రేలీయే. చమురు వెతికే సర్వేల్లో ఇదే తరంగం పెద్ద బెడద. లోతు నుంచి తిరిగొచ్చే సన్నటి ప్రతిధ్వనులను ఇది ముంచేస్తుందని దశాబ్దాల పాటు దాన్ని వడకట్టి పారేశారు. ఒకరు పారేసిన తవుడు ఇంకొకరికి తిండి అయింది.

అసలు కిటుకు ఇంకా రాలేదు. ఉపరితలంలో పాకే తరంగం లోతు కబురు ఎలా తెస్తుంది?

రేలీ తరంగం నేలలోకి సుమారు తన ఒక తరంగదైర్ఘ్యం లోతు వరకే కదలికను తీసుకెళ్తుంది. పొట్టి తరంగం పైపొరలోనే ఈదుతుంది. పొడవాటి తరంగం కాళ్లు కింద పొరలకు తగులుతాయి. కింద గట్టిగా ఉంటే పొడవాటిది వేగంగా వెళ్తుంది, పొట్టిది నెమ్మదిగా వెళ్తుంది. ఒకే సమ్మెట దెబ్బలో అన్ని పొడవుల తరంగాలూ కలిసి బయల్దేరతాయి. దారిలో వాటి వేగాలు వేరవుతాయి కాబట్టి విడిపోతాయి. పట్టకంలో తెల్లటి వెలుతురు రంగులుగా విడిపోవడాన్ని కాంతి విక్షేపణం అని స్కూల్లో చదువుకున్నాం. ఇదీ విక్షేపణమే. నేల అంతటా ఒకే బిగువుతో ఉంటే విడిపోవడం ఉండదు. విడిపోయిందంటేనే కింద తేడా ఉన్నట్టు.

అంకెల్లో చూద్దాం. 50 హెర్ట్జ్ దగ్గర తరంగం వేగం సెకనుకు 150 మీటర్లు అని కొలిచారనుకోండి. భాగిస్తే తరంగదైర్ఘ్యం 3 మీటర్లు. ఆ వేగం చెప్పేది ఒకటి, ఒకటిన్నర మీటర్ల లోతు సంగతి. అదే స్థలంలో 10 హెర్ట్జ్ దగ్గర వేగం 300 వచ్చింది. తరంగదైర్ఘ్యం 30 మీటర్లు, కబురు 10–15 మీటర్ల లోతు నుంచి. తరంగదైర్ఘ్యంలో మూడో వంతు నుంచి సగం దాకా లోతుకు ఆ వేగం వర్తిస్తుందన్నది పని దగ్గర వాడుకునే మోటు లెక్క. ఇలా పౌనఃపున్యం వారీగా వేగాన్ని గీస్తే వచ్చే వంపునే విక్షేపణ వక్రం అంటారు. పరీక్షలో నిజంగా కొలిచేది ఈ వక్రాన్ని మాత్రమే. ఆ తర్వాత వచ్చేదంతా లెక్కతో రాబట్టినది. ఈ వాక్యాన్ని గుర్తుపెట్టుకుంటే మిగతా వ్యాసం సగం అర్థమైనట్టే.

పద్ధతి ఎదిగిన తీరులోనూ ఆసక్తి ఉంది. 1950లు, 60లలో ఒక యంత్రంతో నేలను ఒకే పౌనఃపున్యంతో నిలకడగా ఊపుతూ, సెన్సర్‌ను అడుగడుగూ జరుపుతూ, ఊపు మళ్లీ కలిసే చోటును వెతికేవారు. ఆ దూరమే ఒక తరంగదైర్ఘ్యం. తర్వాత పౌనఃపున్యం మార్చి మళ్లీ మొదటి నుంచి. ఓపికకు పరీక్షే. 1980లలో ఆస్టిన్‌లోని టెక్సాస్ విశ్వవిద్యాలయంలో స్టోకో, నజారియన్‌ల కృషితో రెండు సెన్సర్లు, ఒక సుత్తి, ఒక కంప్యూటర్ చాలన్న స్థితి వచ్చింది. రోడ్ల తారు, కాంక్రీట్ పొరల బిగువు చూడటానికి అది బాగా పనికొచ్చింది. కానీ రెండే చెవులతో వింటే ఏది అసలు తరంగమో, ఏది పక్కనుంచి వచ్చిన గోలో తేల్చడం కష్టం. 1999లో కాన్సస్ భూగర్భ సర్వే సంస్థకు చెందిన పార్క్, మిల్లర్, షియా ఒకేసారి అనేక సెన్సర్లతో వినే పద్ధతిని ప్రచురించారు. మన ఇంజనీర్లు ఎంఏఎస్‌డబ్ల్యూ అంటున్నది దాన్నే. చమురు సర్వే వాళ్ల సామాను, రోడ్డు ఇంజనీర్ల అవసరం అక్కడ కలిశాయి.

సమ్మెటకు ఒక పరిమితి ఉంది. మనిషి దెబ్బతో పొడవాటి తరంగాలు అంతగా పుట్టవు. మెత్తటి నేలలో 20–30 మీటర్ల లోతు దాటితే చూపు ఆనదు. దానికి మందు జపాన్‌లో ఎప్పుడో దొరికింది. 1957లో కీటి అకి, నేలలో ఎప్పుడూ ఉండే సన్నటి కంపనాలనే వాడుకోవచ్చని చూపించాడు. లారీలు, ఫ్యాక్టరీలు, దూరాన సముద్రపు అలలు నేలను నిత్యం ఊపుతూనే ఉంటాయి. సెన్సర్లను వలయంలా పెట్టి ఆ రొదను అరగంట రికార్డ్ చేస్తే, సమ్మెట ఇవ్వలేని పొడవాటి తరంగాలు అందులో దొరుకుతాయి. మొదట సమ్మెట దెబ్బను ఆపించిన లారీయే ఇక్కడ సాయం చేస్తుంది. నగరాల్లో ఈ రెండు రకాలూ కలిపి చేయడం మంచి పని.

ఫీల్డ్‌లో చేసేది సులువు. నేలలోకి గుచ్చే ఆ సెన్సర్లను జియోఫోన్లు అంటారు. సాధారణంగా కింద 4.5 హెర్ట్జ్ దాకా వినగలిగేవి వాడతారు. అవి నిలువుగా, గట్టిగా దిగి ఉండాలి. వదులుగా గుచ్చిన జియోఫోన్ గొణుగుతుంది. మొదటి జియోఫోన్‌కు, సమ్మెట కొట్టే చోటుకు మధ్య తగినంత ఎడం వదలాలి, ఎందుకంటే రేలీ తరంగం సరిగ్గా రూపుదిద్దుకోవడానికి కొంత దూరం పడుతుంది. వరుస ఎంత పొడవుంటే అంత లోతు. మామూలుగా వరుసలో సగం పొడవు లోతు వరకు నమ్మొచ్చంటారు. 46 మీటర్ల వరుస పరిచి 50 మీటర్ల లోతు దాకా రంగులు నింపిన రిపోర్టు కనిపిస్తే, ఆ కింది సగం సాఫ్ట్‌వేర్ కల్పన అనుకోవచ్చు. రెండు చివర్ల నుంచీ కొట్టి చూడటం ఇంకో మంచి అలవాటు. రెండు వక్రాలూ కలవకపోతే వరుస కింద పొరలు అడ్డంగా మారుతున్నాయని అర్థం. ఈ పద్ధతి మొత్తం పొరలు చాపల్లా సమంగా పరుచుకున్నాయనే ఊహ మీద నడుస్తుంది.

వక్రం నుంచి పొరల బిగువుకు వెళ్లడాన్ని ఇన్వర్షన్ అంటారు. కంప్యూటర్ ఒక ఊహాచిత్రంతో మొదలుపెడుతుంది: పైన 3 మీటర్లకు ఇంత వేగం, కింద 5 మీటర్లకు ఇంత. దానికి విక్షేపణ వక్రం ఎలా ఉండాలో లెక్కించి, కొలిచినదానితో పోలుస్తుంది. సరిపోలకపోతే సవరించి మళ్లీ చూస్తుంది. చివరికి సరిపోలుతుంది. ఇబ్బంది ఏమిటంటే, సరిపోలే చిత్రం ఒక్కటే ఉండదు. కిరాణా బిల్లులో మొత్తం ఎంతో మాత్రమే చూపించి ఏ సరుకుకు ఎంతైందో చెప్పమన్నట్టు ఉంటుంది. పప్పు ఎక్కువా నూనె తక్కువా, లేక తిరగేసి ఉందా? సంచిలో ఏముందో కాస్త తెలిసినవాళ్లే సరైన ఊహ చేయగలరు. ఇక్కడ ఆ తెలివిడి బోరు నుంచి రావాలి. నీటి మట్టం ఎక్కడుంది, రాయి ఎంత లోతులో తగిలింది అన్న రెండు ముక్కలు తెలిసినా తప్పుడు చిత్రాలు చాలా రాలిపోతాయి. ‘బోర్లు అక్కర్లేదు, ఇది చాలు’ అనే మాట అందుకే ప్రమాదకరం.

అలాగని పద్ధతిని తీసిపారేయడం కూడా అన్యాయం. ఇటలీ, ఫ్రాన్స్‌లలోని మూడు స్థలాల మీద 14 బృందాలకు ఒకే రికార్డింగ్‌లు ఇచ్చి, ఎవరికి వారే విశ్లేషించమన్న పరీక్ష ఒకటి జరిగింది. ఇంటర్‌పసిఫిక్ ప్రాజెక్ట్ పేరుతో జరిగిన ఆ పోలిక ఫలితాలు 2016లో వచ్చాయి. పొరల సరిహద్దుల దగ్గర బృందాలు విడిపోయాయి. పై 30 మీటర్ల సగటు వేగం దగ్గర మాత్రం దగ్గరదగ్గరగా వచ్చాయి. బోర్లలో నేరుగా కొలిచినవాళ్ల మధ్య ఉన్న తేడాకు ఆ తేడా పోల్చదగినదే. అంటే బోరు అనగానే అది దేవుడి మాట కాదు, ఉపరితల తరంగం అనగానే జోస్యమూ కాదు. సగటు అడిగితే బాగా చెబుతుంది, సన్నటి వివరం అడిగితే తడబడుతుంది.

ఆ సగటుకు ఒక పేరుంది, వీఎస్30. అమెరికా కోడ్‌ల నుంచి ప్రపంచమంతా పాకింది. సెకనుకు 180 మీటర్ల లోపు ఉంటే మెత్తటి నేల, 180–360 మధ్య గట్టి మట్టి, 360–760 మధ్య బాగా బిగిసిన మట్టి లేదా మెత్తటి రాయి, ఆపైన రాయి అని స్థూలంగా వర్గాలు. ఈ సగటు తీయడంలో కుర్రాళ్లు తరచూ పొరబడతారు. పైన 5 మీటర్లు 150 వేగంతో, తర్వాత 10 మీటర్లు 250తో, కింద 15 మీటర్లు 500తో ఉన్నాయనుకోండి. మందాల ప్రకారం మామూలు సగటు తీస్తే 358 వస్తుంది. కానీ తీయాల్సింది ప్రయాణ సమయం సగటు. బస్సు ఊళ్లో ట్రాఫిక్‌లో ఇరుక్కుని, హైవే ఎక్కాక దూసుకెళ్లినా మొత్తం సగటును ఆ ఊరే దిగలాగుతుంది కదా. 5ను 150తో, 10ని 250తో, 15ను 500తో భాగించి కలిపితే సుమారు 0.103 సెకన్లు. 30ని దానితో భాగిస్తే 290. ఇలా చూస్తే పైనున్న పల్చటి మెత్తటి పొర బరువు ఎంతో తెలుస్తుంది. 30 మీటర్లే ఎందుకన్న ప్రశ్నకు గొప్ప శాస్త్రీయ కారణం లేదు. బోర్లు మామూలుగా అంతవరకే వేసేవారు, అంతే.

మోసం చేసే చోట్లు కొన్ని ఉన్నాయి. అన్నిటికంటే పెద్దది, పైన గట్టిగా కింద మెత్తగా ఉన్న నేల. తారు రోడ్డు మీద, కాంక్రీట్ చప్టా మీద, ఎండాకాలంలో బిగిసి గట్టిపడిన నల్లరేగడి మీద ఇదే పరిస్థితి. వీణ తీగను ఒకసారి మీటితే మూలస్వరంతోపాటు పై స్వరాలూ పలికినట్టు, రేలీ తరంగానికీ ఎక్కువ వేగంతో వెళ్లే పై రూపాలు ఉంటాయి. పైపొర గట్టిగా ఉన్నప్పుడు శక్తి మూలరూపంలోంచి ఆ పై రూపాల్లోకి దూకుతుంది. దాన్ని మూలరూపమే అనుకుని వక్రం గీస్తే కింద ఉన్న బురద గట్టినేలగా తేలుతుంది. పునాది వేసేవాడికి ఇంతకంటే చేటు చేసే తప్పు లేదు. కొలతలో లోపం ఉండదు, చదివినవాడి కన్నే తప్పుతుంది.

రెండోది మన దక్కన్‌కు సొంతమైనది. హైదరాబాద్ చుట్టూ గ్రానైట్ పైనుంచి కిందికి ఏకరీతిన శిథిలం కాలేదు. మొరం మధ్యలో ఇల్లంత గుండ్లు మిగిలిపోతాయి. బోరు వేస్తే గుండుకు తగిలి ‘రాయి వచ్చేసింది’ అని ఆపేసిన సందర్భాలు ఈ వృత్తిలో ఉన్నవాళ్లకు కొత్త కాదు. రెండు మీటర్ల పక్కన అదే లోతులో ఉత్త మొరం ఉంటుంది. ఇక్కడ ఉపరితల తరంగం ఒక మేలు చేస్తుంది: 40 మీటర్ల వరుస మొత్తాన్నీ కలిపి చూస్తుంది కాబట్టి ఒక్క గుండును చూసి మోసపోదు. అదే కారణంతో ఆ గుండును చూపించనూ చూపించదు. బోరు చుక్కను చూస్తుంది, తరంగం వరుసను చూస్తుంది. ఒకదాని గుడ్డితనం ఇంకొకదాని చూపుతో తీరుతుంది. పూడ్చి ప్లాట్లు వేసిన చెరువుల్లో అయితే తరంగమే ముందు పనికొస్తుంది. నింపిన మట్టి ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో ఒక్క రోజులో నాలుగైదు వరుసలతో బయటపడుతుంది. అక్కడ వేగాల తేడా పెద్దది కాబట్టి లెక్క కూడా తడబడదు.

మూడోది కొలత తప్పు కాదు, వాడకంలో తప్పు. సమ్మెట దెబ్బకు నేల కదిలేది అతి కొద్దిగా. వైకల్యం లక్షలో ఒక వంతు కంటే తక్కువ. అంటే 10 మీటర్ల మందానికి మిల్లీమీటరులో పదో వంతు కూడా కాదు. అంత చిన్న కదలికకు నేల తన పూర్తి బిగువు చూపిస్తుంది. పెద్ద భూకంపంలో కదలిక దానికి వంద రెట్లయినప్పుడు అదే నేల బిగువు సగానికి, కొన్ని మట్టిరకాల్లో ఇంకా కిందికి పడిపోతుంది. కాబట్టి రిపోర్టులో వచ్చిన గుణకాన్ని అలాగే తీసుకుని బరువైన భవనం ఎంత కుంగుతుందో లెక్క కడితే కుంగుబాటు తక్కువగా తేలుతుంది. ఎంత తగ్గించుకోవాలో చెప్పే వక్రాలు మట్టిరకాన్ని బట్టి ఉన్నాయి, వాటిని వాడాలి. ఒకప్పుడు ల్యాబ్ పరీక్షలకూ తరంగ పరీక్షలకూ అంకెలు కలవక, తరంగాల బిగువు ‘వేరే జాతి’ అని పక్కన పెట్టేవారు. తర్వాత తెలిసింది, నేల ఒక్కటే, కదలికే వేరని.

బిగువు వేరు, బలం వేరు అన్నది దీనికి తోబుట్టువు. ఎంత లాగితే ఎంత సాగుతుందన్నది బిగువు. ఎంత లాగితే తెగుతుందన్నది బలం. తరంగం మొదటిదే చెబుతుంది. మనదేశంలో క్లయింట్లు అడిగేదేమో ‘ఎస్‌బీసీ ఎంత?’ అని, అంటే నేల భద్రంగా మోయగల బరువు. అది బలానికి, కుంగుబాటుకు సంబంధించిన ప్రశ్న. అడిగారు కదాని షియర్ వేగం నుంచి ఒక సూత్రంతో ఎన్ విలువ (బోరులో గొట్టం దిగడానికి పడే దెబ్బల లెక్క) తీసి, ఎన్ విలువ నుంచి ఇంకో సూత్రంతో ఎస్‌బీసీ తీసి ఇచ్చే రిపోర్టులు ఉంటాయి. తెలుగు నుంచి హిందీకి, హిందీ నుంచి మళ్లీ తెలుగుకు మార్చిన ఉత్తరంలా ఉంటుంది ఆ అంకె. పోలిక లేకపోలేదు, పూచీ మాత్రం ఉండదు.

ఎన్ విలువ ఇంత గట్టిగా పాతుకుపోవడానికి కారణముంది. 63.5 కిలోల బరువును 75 సెంటీమీటర్ల ఎత్తు నుంచి జారవిడుస్తూ, గొట్టం 30 సెంటీమీటర్లు దిగడానికి ఎన్ని దెబ్బలు పడ్డాయో లెక్కపెట్టడమే ఆ పరీక్ష. మోటుదే అయినా మట్టి నమూనా చేతికి వస్తుంది. 2016 నాటి ఐఎస్ 1893 భూకంప కోడ్ కూడా నేలను గట్టి, మధ్యస్థ, మెత్తటి అని విడగొట్టింది ఎన్ విలువలతోనే. అయితే నగరమంతా ఎన్ విలువలు కావాలంటే వేల బోర్లు వేయాలి. అక్కడ తరంగమే దారి. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థకు చెందిన అన్బళగన్, సీతారామ్ ఆ నగరంలో 58 చోట్ల ఎంఏఎస్‌డబ్ల్యూ పరీక్షలు చేసి, ఏ పేట నేల ఎంత ఊపును పెంచుతుందో పటం గీశారు. 2008లో వచ్చిన ఆ పని మన నగరాలకు నమూనాగా నిలిచింది.

తెలుగు నేల మీద ఈ పటాల అవసరం తక్కువేమీ కాదు. 1967లో ఒంగోలు, 1969లో భద్రాచలం ప్రాంతాల్లో భూకంపాలు వచ్చాయి. 2024 డిసెంబర్ 4 ఉదయం ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో వచ్చినది హైదరాబాద్, విజయవాడల దాకా తెలిసింది. హైదరాబాద్‌లో మొరం, దాని కింద గ్రానైట్. విజయవాడ దాటి కిందికి వెళ్లేకొద్దీ కృష్ణా పరిచిన ఒండ్రు, సముద్రం దగ్గరైతే మెత్తటి బంకమన్ను. ఒకే కుదుపు ఈ రెండు చోట్లా ఒకేలా ఉండదు. డెల్టాలో ఇంకో సందేహం కూడా తీర్చుకోవాలి: నీటితో నిండిన ఇసుక, భూకంపం ఊపుకు బురదనీళ్లలా మారిపోతుందా లేదా? దానికీ తరంగమే ఒక జవాబు ఇస్తుంది. పైన ఉన్న మట్టి బరువుకు సవరించిన షియర్ వేగం సెకనుకు 215 మీటర్లు దాటిన శుభ్రమైన ఇసుక అలా మారే అవకాశం దాదాపు లేదని ఆండ్రస్, స్టోకో 2000లో గీసిన హద్దు ఇప్పటికీ వాడుకలో ఉంది. కదిలిస్తే చెదిరిపోయే అలాంటి ఇసుకను చెక్కుచెదరకుండా బోరులోంచి తీసి ల్యాబ్‌కు తేవడం ఎలాగూ గగనమే. ఉన్నచోటే, ఉన్న స్థితిలోనే కొలిచే పద్ధతి ఇక్కడ మిగతా వాటికంటే ఒక మెట్టు పైన ఉంటుంది.

నల్లరేగడిలో ఏ నెలలో కొలిచారన్నది కూడా అడగాలి. మే నెలలో బీటలు వారి బిగిసిన పై రెండు మూడు మీటర్లు, సెప్టెంబర్‌లో కాలు దిగబడే మట్టిగా మారతాయి. వేగం కూడా దాంతోపాటే పడిపోతుంది. తారీఖు, నీటి మట్టం లేని రిపోర్టులో పైపొర అంకెకు విలువ తక్కువ.

ఇక రిపోర్టు చేతికొచ్చాక ముందు చూడాల్సింది చివరి పేజీలోని ఎరుపు, పసుపు, నీలం పొరల బొమ్మ కాదు. అది ఎంత అందంగా ఉన్నా సాఫ్ట్‌వేర్ గీసినదే. దాని వెనక విక్షేపణ చిత్రం జతచేశారా, ఆ చిత్రంలో వక్రం ఏ పౌనఃపున్యం నుంచి ఏ పౌనఃపున్యం వరకు స్పష్టంగా కనిపిస్తోంది, గీసిన చుక్కలు ఆ స్పష్టమైన మేరలోనే ఉన్నాయా అన్నది చూడాలి. 8 హెర్ట్జ్ దగ్గర వక్రం మసకబారి ఆగిపోయి, అక్కడ వేగం 240 ఉంటే, ఆ రోజు విన్న అతి పొడవాటి తరంగం 30 మీటర్లది. సమ్మెట దెబ్బ చేరింది 15 మీటర్ల లోతుకే. ఆ కింద ఎన్ని రంగులున్నా ఆ దెబ్బతో వాటికి సంబంధం లేదు.